కామెర్లు అని రాసిన చీటీ

మా మనవరాలు రూతుకి 1983లో జబ్బు చేసింది. కామెర్లు కాదు. కామెర్లని ఊళ్ళో చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ కొందరు అలాగే చెబుతారు. తప్పు వాళ్ళది కాదు. ఆ మాట కాగితం మీద రాసి చర్చిలో చదివించింది నేను. ముప్పై నాలుగేళ్ళు మిషను బడిలో లెక్కలు చెప్పాను. జవాబు తప్పయితే దశలు ఎంత ముచ్చటగా ఉన్నా మార్కు వెయ్యని మనిషినని నర్సీపట్నంలో నాకు పేరు. అటువంటిదాన్ని నా ఇంటి జబ్బుకే తప్పు జవాబు రాశాను. దాన్ని దిద్దుకోవడానికి ఒక ఏడాది, ఇరవై ఆరు రోజులు పట్టింది.

ఇదంతా రూతు చదివింది. రెండుచోట్ల తేదీలు సరిచేసి, "ఉంచు మామ్మా, నా పేరు కూడా ఉంచు" అంది. కాబట్టి ఎవరి అనుమతీ నాకు ఇంక అక్కర్లేదు.

రూతుకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి, అంటే మా అబ్బాయి ప్రకాశం, విశాఖపట్నం బస్సులో కండక్టరు. పిల్లని నేనే పెంచాను, లెక్కలు నేనే నేర్పాను. 1982 జూలైలో విశాఖలో ఎమ్మెస్సీ లెక్కల్లో సీటు వచ్చింది. హాస్టల్లో దింపినరోజు ఒక నియమం పెట్టాను. ప్రతి ఆదివారం ఉత్తరం రాయాలి. అందులో తప్పులుంటే నేను ఎర్ర సిరాతో దిద్ది, నా జవాబుతోపాటు అదే ఉత్తరం తిప్పి పంపుతాను. ప్రకాశానికీ చిన్నప్పుడు ఇలాగే చేశాను. "అందుకే వాడు రాతా కోతా మానేసి టికెట్లు కొట్టుకుంటున్నాడు" అని మా వీధిలో నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకున్నాను.

మొదటి ఉత్తరం జూలై 18న రాసింది. నాలుగు పేజీలు. సముద్రం గురించి ఒక పేజీ, హాస్టలు సాంబారు గురించి ఒక పేజీ. "సాంబారులో ముక్కల కోసం వెతకడం అనంతశ్రేణి మొత్తం కట్టినట్టే ఉంది మామ్మా" అని రాసింది. అందులో పొల్లు తప్పు దిద్దాను. హాస్యానికి నవ్వాను గాని, నవ్వానని రాయలేదు.

క్రిస్మస్ తరవాత ఉత్తరాలు మూడు పేజీలయ్యాయి. వేసవి ముందు రెండు. వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి ఎనిమిది వారాలు ఉంది. ఎక్కువ పడుకునేది. చదివి అలిసిపోయిందనుకున్నాను. జూలై 31 నాటి ఉత్తరం ఒక్క పేజీ. అన్ని సెలవులూ కలిపి ఇంట్లో ఉన్న పదమూడు ఆదివారాలు తీసేస్తే అది నలభై రెండోది. నలభై మూడోదాంట్లో ఒక్క తప్పు లేదు. సంతోషించాను. నలభై నాలుగోదాంట్లోనూ లేదు. నలభై అయిదోది వచ్చాక అనుమానం వచ్చి మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. తేదీ తప్ప మాట మాటా ఒకటే. నలభై రెండో ఉత్తరం నేను దిద్ది పంపాను కదా, దాన్నే చూసి మూడుసార్లు ఎక్కించింది.

పరీక్షలో కాపీ పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నలభై అయిదో ఉత్తరం మీద అడ్డంగా ఎర్ర సిరాతో రాశాను: "కాపీ. సున్నా." పోస్టు చేశాను.

ఆ తరవాత ఉత్తరం రాలేదు.

నాకంటే ముందు ప్రకాశానికి తెలిసింది. వాడు గురువారం గురువారం హాస్టలు గేటు దగ్గర ఆగి క్యారేజీ ఇచ్చి, పాతది తెచ్చేవాడు. సెప్టెంబరులో ఒకరోజు క్యారేజీ నా ముందు పెట్టి అన్నాడు.

"అమ్మా, మూత తీసినట్టు కూడా లేదే. పోయిన వారమూ ఇంతే."

"హాస్టలు తిండి రుచి పట్టి ఉంటుంది."

"అది రెండు వారాలుగా ఒకటే జాకెట్టు వేసుకుంటోంది. 'ఏటమ్మా' అంటే 'ఏమీ లేదు నాన్నా' అంటది. బస్సులో రోజుకి ఆరొందలమంది మొహాలు చూస్తాను. ఆ మొహం నాకు నచ్చలేదు."

"నువ్వు టికెట్లు చూడు, మొహాలు చూడకు" అన్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఆ నెలలోనే యూనివర్సిటీ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. రాసినావిడ అక్కడ మనస్తత్వశాస్త్రం చెప్పే మేడం. వారంలో రెండు మధ్యాహ్నాలు విద్యార్థులు వచ్చి చెప్పుకునేది వింటారట. రూతు గదిలో ఉండే అమ్మాయి వెళ్ళి చెప్పిందట: రూతు క్లాసులకి రావడం లేదని, నిద్రపోదని, తల దువ్వుకోదని, ఎప్పుడూ లేనిది తన పుస్తకాలు పంచిపెట్టేస్తోందని. "మీ అమ్మాయి చదువులో వెనకబడిందని రాయడం లేదు. ఆమెకి మాట్లాడే తోడు కావాలి. దీన్ని కౌన్సెలింగ్ అంటాం. మీరొకసారి వస్తే బాగుంటుంది" అని ముగించారు. ఆ మాట నేను వినడం అదే మొదలు. మా పిల్లకి పిచ్చి అంటోందా ఈవిడ అని మండిపడి, ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టేశాను. జవాబు రాయలేదు. జవాబు రాయని ఉత్తరం నా జీవితంలో అదొక్కటే.

అక్టోబరు 8న ప్రకాశం నన్నడక్కుండా కూతుర్ని తన బస్సులోనే తీసుకొచ్చేశాడు. టికెట్టు కొట్టి చేతిలో పెడితే, నర్సీపట్నంలో దిగేదాకా ఆ టికెట్టు గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుందట. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. లేపితే లేచేది. తినమంటే నాలుగు మెతుకులు. స్నానానికి నీళ్ళు తోడిపెడితే చల్లారేదాకా బిందె దగ్గరే కూర్చునేది. బద్ధకం వదులుతుందని రోజుకి పది లెక్కలు ఇచ్చాను. మూడోరోజు పలక మీద ఒక గీత గీసి, దానివంకే చూస్తూ ఉండిపోయింది. ఆమె ఎనిమిదో తరగతిలో చేసిన లెక్క అది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. తలుపు పక్కన చెక్కపెట్టె ఉంటుంది. ఎవరింట్లో జబ్బు చేసినా చీటీ రాసి అందులో వేస్తారు. పాస్టరు గారు ఆరాధనలో పేరూ జబ్బూ చదువుతారు, అందరూ ప్రార్థన చేస్తారు. ఆ వారమంతా సంఘంలోవాళ్ళు ఇంటికొచ్చి పరామర్శిస్తారు. టైఫాయిడ్ చదివారు, కడుపులో పుండు చదివారు, పాము కాటు చదివారు. మనసు బాగోలేదని మాత్రం ఎవరి పేరూ చదవగా నేను వినలేదు.

నాలుగు వారాలు రూతు చర్చికి రాకపోయేసరికి అడగడం మొదలుపెట్టారు. నవంబరు 6న చీటీ రాశాను. "రూతు, ఎమ్మెస్సీ విద్యార్థిని" అని రాసి, జబ్బు దగ్గర కలం ఆగింది. ఆ మధ్యే మా వీధిలో ఇద్దరికి కామెర్లు వచ్చాయి. కామెర్లు అని రాశాను. దానికి ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

సాయంత్రానికే జనం వచ్చారు. ఆ వారంలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు నేల ఉసిరి తెచ్చారు. నూరి మజ్జిగలో కలిపి పోశారు. నూనె వద్దన్నారు, ఉప్పు వద్దన్నారు, పోపు వాసన కూడా తగలకూడదన్నారు. అబద్ధం నిలబెట్టుకోవాలి కనక నేను ఉప్పులేని గంజి కాచాను. తినని పిల్లకి పథ్యం పెట్టాను. పదకొండు రోజులు.

పన్నెండో రోజు, గురువారం నవంబరు 17. మాకు పాలు పోసే అప్పలనర్సమ్మది బలిఘట్టం. ఆవేళ పాలతోపాటు కోటవురట్ల నుంచి ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చింది. కామెర్లకి వాత పెట్టడంలో ఆయనకి పేరట.

"ఓలమ్మ, టీచరమ్మ గారూ! గుంటకి ఇలగుందని నాకు సెప్పనేదేటండి? మా ఆడపడుసు కొడుక్కి ఈ తాత ఒక్క వాత ఎట్టినాడు. మూడోనాడు లెగిసి దుక్కికి ఎల్లిపోనాడు. ఆ పొయ్యిలో నిప్పులు సూపించండి బేగి."

నేను వద్దనలేదు. వద్దనడానికి కారణం చెప్పాలి కదా. ఆయన సన్నటి ఇనుపకడ్డీ నిప్పుల్లో పెట్టి, రూతు కనురెప్ప కిందికి లాగి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"కన్ను తెల్లగుందమ్మా. పసుపేదీ?"

"తొలీత అగుపడదు, ఎట్టీ తాతా" అంది అప్పలనర్సమ్మ.

ఆయన నావైపు చూశాడు. అప్పటికే రూతు చెయ్యి చాపేసింది. ఎందుకని అడగలేదు. కాలుతుందా అని అడగలేదు. కడ్డీ ఎర్రబడుతుంటే దానివంక చూడను కూడా లేదు. గోడవంక చూస్తూ, ఎవరిదో చెయ్యి అన్నట్టు ఆ చెయ్యి అలా పెట్టి ఉంచింది. చిన్నప్పుడు సూదిమందంటే ఆసుపత్రి చుట్టూ మమ్మల్ని పరిగెత్తించిన పిల్ల.

"ఆపండి" అన్నాను. "కామెర్లు కావు."

"మరేటండి?" అంది అప్పలనర్సమ్మ.

"తెలీదు."

ఆ మాట నా నోట అంత గట్టిగా రావడం అదే మొదటిసారి. ముసలాయన కడ్డీ నీళ్ళలో ముంచి, "నాను ఎట్టనని సెప్పీవోణ్ణే తల్లీ, మీరే అన్నారు, మంచిది" అని లేచాడు. అప్పలనర్సమ్మ కాసేపు నన్ను ఎగాదిగా చూసి అంది. "తెలీకపోతే తెలిసినోళ్ళకి సూపించండి. పిల్లలకి పాటాలు సెప్పినోరు, మీకు నాను సెప్పాలేటి? ఎల్లండి. ఇల్లు నాను సూసుకుంతాను."

బైబిల్లోంచి మేడం ఉత్తరం తీశాను. అప్పటికి అది వచ్చి రెండు నెలలు.

నవంబరు 21, సోమవారం. మేడం గది ముందు వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఇటు నేను, అటు ప్రకాశం, మధ్యలో రూతు. ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని నేను కొంగు తలమీదికి లాక్కున్నాను. ప్రకాశం డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. "అమ్మా, ముసుగెందుకే? మనమేమైనా టికెట్టు లేకుండా ఎక్కామా?" అన్నాడు. కొంగు దించేశాను. మళ్ళీ లాగలేదు.

మేడం ముందు రూతుతో ఒక్కదానితోనే గంటసేపు మాట్లాడారు. తరవాత నన్నూ ప్రకాశాన్నీ లోపలికి పిలిచి ఉత్తరాల గురించి అడిగారు. నేను తిప్పి పంపినవన్నీ రూతు ట్రంకుపెట్టెలో వరసగా దాచుకుంది. నా దగ్గర మిగిలిన రెండింటితో కలిపి పట్టుకెళ్ళాను. ఆవిడ నా ఎర్ర సిరా గురించి ఒక్క మాట అనలేదు. అన్నీ బల్లమీద తేదీలవారీగా పరిచి, "లెక్కల టీచరు కదా, మీకేం కనబడుతోంది?" అన్నారు.

నాలుగు పేజీలు, మూడు, రెండు, ఒకటి, తరవాత ఒకటే మళ్ళీ మళ్ళీ. చంటిపిల్లాడికైనా తరవాత వచ్చే అంకె తెలుస్తుంది. ఏ ఉత్తరానికి ఆ ఉత్తరంలో తప్పులు వెతికాను గాని, వరస చూడలేదు.

రూతు అప్పుడు నోరు విప్పింది. "రాయడానికి ఏమీ ఉండేది కాదు మామ్మా. రాయకపోతే నువ్వు భయపడతావు. కొత్తగా రాస్తే తప్పులొస్తాయి. నువ్వు దిద్దినదైతే తప్పులుండవు కదా అని అదే రాశాను."

నేను సున్నా వేసింది దానికి.

"నామీద కోపమా?" అని అడిగాను.

"కోపం రావాలన్నా ఓపికుండాలి కదా మామ్మా."

పడుకుంటే మళ్ళీ లేవకపోతే బాగుండునని ఎన్నో రోజులుగా అనుకుంటున్నానని కూడా ఆ గదిలోనే చెప్పింది. ప్రకాశం టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మేడం గొంతు మారలేదు. "చెప్పావు, మంచిదైంది. ఇప్పుడు మనం నలుగురం ఉన్నాం" అన్నారు. ఆ రోజే పెద్దాసుపత్రిలో డాక్టరు గారికి రాసిచ్చి, మమ్మల్ని వెంటనే వెళ్ళమన్నారు.

ఆసుపత్రిలో మా నంబరు నలభై ఒకటి. పక్కన నక్కపల్లి నుంచి వచ్చినావిడ కొడుకుతో కూర్చుంది. రూతుని చూసి కొంగు ముడి విప్పి ఒక నిమ్మకాయ ఇచ్చింది. "బస్సు పడదేటమ్మా? వాసన సూడు." తరవాత నాతో అంది. "మావోళ్ళు దెయ్యమన్నారండి. మీవోళ్ళేటన్నారు?" "నేనే కామెర్లన్నాను" అన్నాను. ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ వరండాలో నవ్వు వినబడటం వింతే. రూతు తల తిప్పి చూసింది. ఆ నెలన్నరలో అది దేనివంకైనా తిరిగి చూడటం అదే మొదలు.

డాక్టరు గారు మాత్రలిచ్చి, ఇది మనసు కుంగిపోయే జబ్బని, బద్ధకమూ పొగరూ కాదని, నయమవుతుందని, తొందర పడొద్దని చెప్పారు. అప్పటినుంచి ప్రతి సోమవారం ప్రకాశం బస్సులో విశాఖ వెళ్ళాం. 1984 ఏప్రిల్ 16 వరకు ఇరవై రెండు సోమవారాలు. క్రిస్మస్ మర్నాటిది పోతే ఇరవై ఒకటి. ఎండలో కిటికీ పక్క సీటు, వానలో లోపలి సీటు, కండక్టరు కూతురికి ఆ మాత్రం హక్కుంది.

ఊళ్ళో మాటలు ఆగలేదు. ఆడపిల్లకి అంత లెక్కలెందుకన్నారు. ఇంట్లో ప్రార్థన తక్కువైందన్నాడు ఒక సంఘపెద్ద. "నా ప్రార్థనకి మార్కులు వేసేవాడు పైనున్నాడు, మీరు పరీక్షాధికారి కారు" అన్నాను. అప్పటినుంచి ఆయన నన్ను చూస్తే వీధి దాటేవాడు. వీధికి రెండు పక్కలున్నాయి, ఆయన ఇష్టం.

ఫిబ్రవరి 27న అన్నం తింటూ రూతు, "కూరలో ఉప్పు తగ్గింది మామ్మా" అంది. నేను లేచి ఉప్పుగిన్నె తెచ్చి పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళి కోళ్ళని ఊరికే అదిలించి వచ్చాను. మార్చిలో మళ్ళీ తొమ్మిది రోజులు గోడవైపు తిరిగింది. మేడం ముందే చెప్పారు, ఎక్కేటప్పుడు మధ్యలో దిగుడుమెట్లు కూడా ఉంటాయని. చెప్పకపోతే నేను తట్టుకునేదాన్ని కాదు. జూలైలో తిరిగి యూనివర్సిటీలో చేరింది, ఒక ఏడాది వెనక. బయల్దేరేముందు ఎర్ర సిరా సీసా పారేస్తానన్నాను.

"పారెయ్యకు. దిద్దు మామ్మా. కానీ ముందు చదువు, తరవాత దిద్దు."

డిసెంబరు 2, కోతల పండుగ. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు పట్టుకుని జనమంతా చర్చికి వస్తారు. జబ్బుపడి లేచినవాళ్ళ తరఫున కృతజ్ఞత చీటీలు చదివేది ఆరోజే. రూతు విశాఖ నుంచి వచ్చింది. ముందురోజు నేను రాసిన చీటీ చూపించాను. చదివి, ఒక కామా చేర్చింది.

ఆరాధనకి ముందు పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. మంచివారు, భయస్తులు.

"టీచరమ్మ గారూ, 'ఒక సహోదరి' అని చదువుదునా? పెళ్ళి కావలసిన పిల్ల..."

"రూతు అని బాప్తిస్మం ఇచ్చింది మీరే కదండీ. ఆ పేరు పలకడానికి ఇప్పుడేం వచ్చింది?"

ఆయన చీటీ నా చేతిలో పెట్టి, "అయితే మీరే చదవండి" అన్నారు. చదివాను. "పోయిన సంవత్సరం నవంబరు ఆరున నా మనవరాలికి కామెర్లని రాశాను. అది అబద్ధం, క్షమించాలి. రూతుకి మనసు కుంగిపోయే జబ్బు చేసింది. విశాఖలో ఒక మేడం గారితో మాట్లాడి, డాక్టరు గారి మందు వాడి, మీరు జబ్బు పేరు తెలియకుండానే చేసిన ప్రార్థనతో కోలుకుంది. నేల ఉసిరి తెచ్చిన తొమ్మిది ఇళ్ళకీ కృతజ్ఞతలు. అది అక్కర్లేకపోయింది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రూతు నా పక్కనే నిలబడింది, తల ఎత్తుకుని.

రూతు 1985లో ఎమ్మెస్సీ పూర్తిచేసింది. ఇప్పుడు ఒక కాలేజీలో లెక్కలు చెబుతోంది. మందు ఆపి చాలాకాలమైంది. ఎప్పుడైనా నిద్ర పట్టని వారాలుంటే ఆమే చెబుతుంది, ఆమే వెళ్ళి మాట్లాడి వస్తుంది. దూరాన చదువుకునే పిల్లలున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఒక ఉత్తరం చూసి తీర్పు చెప్పకండి, వరస చూడండి. నవ్వించే పిల్ల నవ్వించడం మానితే, క్యారేజీ మూత తియ్యకపోతే, ఎవరైనా "ఆ మొహం నాకు నచ్చలేదు" అంటే, వాళ్ళు కండక్టరైనా సరే, వినండి. మాట్లాడే తోడు కోసం పంపించండి. పిచ్చి ముదిరాక వెళ్ళే చోటు కాదది. ముదరకముందే వెళ్ళాల్సిన చోటు.

పండుగ తరవాతి ఆదివారం పెట్టెలో పేరులేని చీటీ ఒకటి వచ్చింది. "టీచరమ్మ గారి మనవరాలికి వచ్చినదే, మా ఇంట్లోనూ" అని ఉంది. పాస్టరు గారు అలాగే చదివారు. ఈ మూడేళ్ళలో అలాంటివి పదకొండు వచ్చాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. అందులో నలుగురి ఇళ్ళు నాకు తెలుసు, ఎందుకంటే ఆ చీటీ చదివిన సాయంత్రం మా ఇంటికే వచ్చారు. మేడం గారి గదికి దారి ఎటో చెప్పి పంపాను.

మొన్న ఆదివారం పన్నెండోది వచ్చింది. కాలేజీలో చదివే కుర్రాడి పేరు, తండ్రి పేరు, వీధి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మనసు బాగోలేదని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు ఆ తండ్రి.

"అందరూ రండి. ఆకుమందు మాత్రం తేవద్దు."